చాచా పోయింది ట్రిప్‌కి కాదు

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఇంగ్లీషు వ్యాసంలో 'మా చాచా రియాద్ ట్రిప్‌కి వెళ్లాడు' అని రాసింది. టీచరమ్మ టిక్కు పెట్టేసింది. గ్రామర్ దురుస్తే. నాకే ఆ మాట మింగుడుపడలేదు. తమ్ముడు పోయి ఏడేళ్లు. ఛుట్టీకి వచ్చింది రెండుసార్లే. అమ్మీ ఇంతెఖాల్ అయిన రోజు వాడికి సెలవు దొరకలేదు. జనాజాను వీడియో కాల్‌లో చూసి ఏడ్చాడు. దీన్ని ట్రిప్ అంటారా?

తప్పు పిల్లది కాదు. ఉర్దూ మీడియంలో మా ఉస్తాద్ మాకూ ఇట్లాగే నేర్పారు. ట్రావెల్ అంటే సఫర్, జర్నీ అంటే సఫర్, ట్రిప్ అన్నా సఫరే. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ప్రయాణం, యాత్ర వచ్చి చేరాయి. వీటి మధ్య ఫరఖ్ నాకు తెలిసింది పేపర్ డెస్క్‌లో కూర్చున్నాకే, అదీ చీవాట్లు తిని.

ట్రావెల్ అంటే తిరగడం అనే పని మొత్తం. ఒకటి, రెండు అని లెక్కపెట్టే మాట కాదు, 'ఎ ట్రావెల్' అంటే తప్పు. (మన బస్సుల మీద మాత్రం అన్నీ ట్రావెల్సే!) జర్నీ అంటే ఇక్కడి నుంచి అక్కడికి పోయే దారి. రైలు టికెట్‌పై ఉండేది 'డేట్ ఆఫ్ జర్నీ'. తిరిగి రావాలంటే ఇంకో టికెట్ కొనాల్సిందే. ట్రిప్ అట్లా కాదు. పోయిరావడం రెండూ అందులోనే ఉంటాయి. నాలుగు రోజులు పోతాం, పని చూసుకుంటాం, ఇంటికొస్తాం. టూర్ అంటే నాలుగు చోట్లు చుట్టి రావడం. అందుకే 'హజ్ టూర్ ప్యాకేజీ' అన్న బోర్డు చూసినప్పుడల్లా నాకు చిరాకు. జియారత్‌కి పోయేవాడు టూరిస్టా?

వాయేజ్ అనే మాటని మా దాదా సంపాదించుకున్నాడు. ఆయన హజ్‌కి పోయింది బొంబాయి నుంచి ఓడలో. ఆ ఓడలు 1995లో ఆగిపోయాయి. ఇప్పటి హాజీలకు విమానమే, సముద్రం కిటికీలోంచి కనిపిస్తే కనిపించినట్టు.

మరి తమ్ముడిది ఏమిటి? జర్నీ అందామంటే వాడు దారిలో లేడు. విమానం దిగిన రోజే అది ఖతమ్. మన హనఫీ ఫిఖ్హ్‌ని అడిగితే జవాబు సాఫ్‌గా ఉంది. ఒక ఊళ్లో పదిహేను రోజులు, అంతకు మించి ఉండే నియ్యత్ చేసుకున్నవాడు ముసాఫిర్ కాడు, ముఖీమ్. నాలుగు రకాతుల నమాజును రెండుకి తగ్గించుకునే ఖస్ర్ వాడికి లేదు. పూర్తిగా చదవాల్సిందే. తమ్ముడి జేబులో ఉండే కార్డు పేరు కూడా ఇఖామా, అదీ ముఖీమ్ పుట్టిన మూలం నుంచే వచ్చింది. షరీఅత్ లెక్కలో, సౌదీ సర్కారు లెక్కలో వాడు అక్కడ నివాసి. అమ్మీ దువాలో మాత్రం చివరిదాకా ముసాఫిరే.

అందుకే బిడ్డకి చెప్పాను: "ట్రిప్ కొట్టేసి 'మా చాచా రియాద్‌లో పని చేస్తున్నాడు' అని రాయమ్మా. సాదా మాట, నిజం మాట."

"అబ్బూ, టాపిక్ ప్రయాణం. అట్లా రాస్తే మార్కులు పోతాయి" అంది.

ఆ కాగితం ఫోటో తీసి తమ్ముడికి పంపాను. రాత్రి డ్యూటీ దిగాక వాయిస్ మెసేజ్ పెట్టాడు. నవ్వుతూనే అన్నాడు: "ట్రిప్ అనే ఉండనీ భాయ్‌జాన్. ట్రిప్ అంటే వాపస్ వచ్చేదే కదా."

నేనైతే ఇంకా ఒప్పుకోలేదు.