అరవై నాలుగు గళ్లు.. ఒక్క పద్యం

కార్వేటినగరంలో వేణుగోపాలస్వామిని చూసి, స్కంద పుష్కరిణి మెట్ల మీద కూర్చున్నా. సారంగపాణి పదాల గురించి నాలుగు ముక్కలు రాసుకుందామని వెళ్తే, పక్కనున్న ఓ రిటైరైన అయ్యవారు నన్ను లెక్కల్లోకి దించారు.

"చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో దాన్లో రెండు, మూడో దాన్లో నాలుగు.. అట్లా రెట్టింపు చేసుకుంటా పోతే అరవై నాలుగు గళ్లకీ ఎన్ని గింజలు కావాల నాయనా?"

కథ తెలిసిందే. జవాబే నోటికి రాదు. జేబులోంచి సెల్‌ఫోన్ తీయబోతే ఆయన వద్దని ఓ పద్యం చదివారు. నిండా బాణాలు, కొండలు, ఏనుగులు! మన్మథుడి బాణాలు 5, చంద్రుడు 1, ఆకాశం 0, వేదాలు 4, కొండలు 7, దిగ్గజాలు 8, రంధ్రమంటే 9.. ఒంటికి నవద్వారాలు కదా! గబగబా వరసగా రాసి చూపించా. ఆయన నవ్వారు. "తిరగేసి రాసినావే! ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టల్ల." నా సంఖ్య అసలుకి రెండున్నర రెట్లు దాటిపోయింది మరి.

కుడి నుంచి ఎడమకి రాస్తే తేలింది ఇదీ: 1,84,46,74,40,73,70,95,51,615.

గింజ బరువు 20 మిల్లీగ్రాములు అనుకున్నా 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఇప్పుడు ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త పైన. ఏడు వందల ఏళ్ల పంటన్నమాట!

మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దిలో తెలుగు చేసిన పావులూరి మల్లనదిగా ఆ పద్యానికి పేరు. ఇన్నేళ్లు నోటా నోటా వచ్చిన 20 అంకెల్లో ఒక్కటైనా తప్పిపోలేదా? అదే అడిగాను.

"పద్యం కదా, మాట మారిస్తే నడక కుంటుతుంది" అన్నారు. నిజమే కానీ 'వేద' తీసి 'బాణ' పెట్టినా నడక చెడదు. అంకె మాత్రం 4 కాస్తా 5 అవుతుంది! అప్పుడాయన గళ్లను జంటలు కట్టారు. ఒకటీ రెండూ కలిపితే 3. నాలుగూ ఎనిమిదీ 12. పదహారూ ముప్పై రెండూ 48. ఏ జంట చూసినా మూడుతో తెగుతుంది. మొత్తం 32 జంటలు కాబట్టి జవాబూ తెగాలి. అంకెలన్నీ కూడితే 87. తెగింది! 'బాణ' దూరి ఉంటే 88 వచ్చి దొంగ దొరికిపోయేవాడు.

చివరి అంకెకీ కాపలా ఉంది. మొత్తమెప్పుడూ తర్వాతి గడిలో పెట్టాల్సిన గింజలకు ఒకటి తక్కువ. ఒకటి, రెండు, నాలుగు కలిపితే ఏడు, తర్వాతి గడిలో ఎనిమిది. అంటే మనకు కావాల్సింది లేని 65వ గడి. రెండును రెట్టిస్తూ పోతే చివర 2, 4, 8, 6 మళ్లీ మళ్లీ వస్తాయి. అరవై నాలుగోసారి 6. ఒకటి తీసేస్తే 5. పద్యం మొదలయ్యేది బాణంతోనే!

ఇంటికొచ్చి కాగితం మీద రెట్టింపులు మొదలెట్టా. సగం పలక అయ్యేసరికి మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. ఆఖరికి వచ్చిన అంకెలు కూడితే 89. ఎక్కడో తప్పాను. మళ్లీ మొదటి గడి. మూడోసారికి పద్యంతో సరిపోయింది.