తల్లీబిడ్డలను విడదీయని వైద్యం

ప్రసవం కబురు చెప్పేటప్పుడు తెలుగువారు 'తల్లీబిడ్డా క్షేమం' అంటారు. ఇద్దరి క్షేమాన్ని ఒకే మాటలో చెప్పడం మన వాడుక. అయితే బిడ్డ నెలలు నిండకుండానో, తక్కువ బరువుతోనో, జబ్బుతోనో పుడితే ఆసుపత్రిలో ఈ జంట విడిపోతుంది. బిడ్డను నవజాత శిశు ప్రత్యేక చికిత్సా విభాగానికి తరలిస్తారు. తల్లి ప్రసూతి వార్డులో ఉండిపోతుంది. పాలు పట్టే వేళకు పిలిస్తే వచ్చి, పని కాగానే వెళ్లిపోవలసిన సందర్శకురాలిగా ఆమె మారుతుంది. ఈ పద్ధతి బిడ్డ ప్రాణానికే చేటు కావచ్చని వైద్య పరిశోధన ఇప్పుడు స్పష్టంగా చెబుతోంది. ఆ జ్ఞానాన్ని ఆసుపత్రి గదుల్లో ఆచరణగా మార్చడమే మిగిలి ఉన్న పని.

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ నగరానికి చేరువగా ఉన్న చిన్న పట్టణం బోద్రీ. రాష్ట్ర హైకోర్టు ఇక్కడే ఉంది. పక్కనున్న బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో స్థిరపడ్డాయి. ఇలాంటి పట్టణంలోని చిన్న ఆసుపత్రిలో కిలోన్నర బరువుతో బిడ్డ పుట్టిందనుకుందాం. బిడ్డను వెంటనే నగరంలోని పెద్దాసుపత్రికి పంపాలి. తల్లికి సిజేరియన్ అయి ఉంటే ఆమె అదే రోజు కదలలేదు. తండ్రి రెండు ఆసుపత్రుల మధ్య తిరుగుతాడు. పుట్టిల్లు శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ఉంటే అమ్మమ్మ రైలు దిగేసరికి ఒక రోజు గడిచిపోతుంది. బిడ్డ జీవితంలో అత్యంత కీలకమైన తొలి గంటలు ఈలోగా తల్లి స్పర్శ లేకుండానే ముగుస్తాయి.

ఈ గంటలకు ఎంత విలువ ఉందో గణాంకాలు చెబుతాయి. నమూనా నమోదు వ్యవస్థ 2020 లెక్కల ప్రకారం ఏడాది నిండకుండా మరణించే శిశువులు దేశంలో ప్రతి వెయ్యి జననాలకు 28 మంది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ సంఖ్య 38, ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. దేశవ్యాప్తంగా చూస్తే ఈ మరణాల్లో అత్యధికం, అంటే వెయ్యికి 20, తొలి 28 రోజుల్లోనే సంభవిస్తున్నాయి. నెలలు నిండకపోవడం, తక్కువ బరువు వీటికి ప్రధాన కారణాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో బరువు తూచిన శిశువుల్లో నూటికి 18 మంది రెండున్నర కిలోల లోపే పుడుతున్నారు.

తల్లి శరీరాన్నే చికిత్సా సాధనంగా మలచిన ఆలోచన ఒక పేద ఆసుపత్రి అవసరం నుంచి పుట్టింది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఇద్దరు, ముగ్గురు శిశువులను ఒకేదానిలో పడుకోబెట్టవలసి వచ్చేది. అంటువ్యాధులతో మరణాలు పెరిగాయి. అప్పుడు డాక్టర్ ఎడ్గార్ రే శిశువులను తల్లుల రొమ్ముపై, చర్మానికి చర్మం తగిలేలా, నిలువుగా కట్టి ఉంచే పద్ధతిని ప్రారంభించారు. తల్లి ఒంటి వేడి బిడ్డను చల్లబడనివ్వదు. పాలు అందుబాటులో ఉంటాయి. బిడ్డ ఊపిరి, గుండె లయ నిలకడగా ఉంటాయి. ఇదే కంగారూ మదర్ కేర్‌గా ప్రపంచానికి పరిచయమైంది. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2014లో దీనిపై మార్గదర్శకాలు విడుదల చేసింది.

అయితే చాలాకాలం ఈ పద్ధతికి ఒక షరతు ఉండేది. బిడ్డ పరిస్థితి కుదుటపడిన తర్వాతే తల్లి ఒడికి చేర్చాలన్నది ఆ షరతు. అప్పటికి మూడు నుంచి ఏడు రోజులు గడిచిపోయేవి. మరణాల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఆ రోజుల్లోనే జరిగేవి. ఈ ఆచారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయంతో జరిగిన ఒక పరిశోధన ప్రశ్నించింది. భారత్, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లోని అయిదు ఆసుపత్రుల్లో 3,211 మంది శిశువులపై ఇది సాగింది. అందరూ కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్నవారే. భారత్ నుంచి పాల్గొన్నది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. సగం మందిని పుట్టిన వెంటనే తల్లి గుండెకు హత్తుకుని ఉంచారు. మిగిలిన సగం మందికి పాత పద్ధతినే పాటించారు.

2021లో వెలువడిన ఫలితాలు పాత ఆచారానికి ఆధారం లేకుండా చేశాయి. పాత పద్ధతిలో 28 రోజుల్లోగా నూటికి 15.7 మంది శిశువులు మరణించగా, పుట్టిన వెంటనే తల్లి స్పర్శ దక్కినవారిలో ఆ సంఖ్య 12.0 మాత్రమే. అంటే నాలుగింట ఒక మరణం తప్పింది. ఇలా చూసుకున్న ప్రతి 27 మందిలో ఒక ప్రాణం అదనంగా నిలిచిందన్నమాట. ఈ తేడా స్పష్టం కావడంతో పరిశోధనను ముందుగానే ఆపివేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సులను మార్చుకుంది. వెంటిలేటర్ అవసరమైనవారు, షాక్‌లో ఉన్నవారు వంటి తీవ్ర అస్వస్థులను మినహాయించి, నెలలు నిండని, తక్కువ బరువున్న శిశువులందరికీ పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెట్టాలని సూచించింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. తల్లి రోజుకు పదహారు, పదిహేడు గంటలు బిడ్డను మోయాలంటే ఆమె కూడా అదే గదిలో ఉండాలి. సందర్శకురాలికి అది సాధ్యం కాదు. సఫ్దర్‌జంగ్‌లో ఇందుకోసం చికిత్సా విభాగంలోనే తల్లులకు మంచాలు వేశారు. ప్రసూతి వైద్యులు, నర్సులు అక్కడికే వచ్చి తల్లిని చూశారు. తల్లీ నవజాత శిశు సంరక్షణ విభాగం అనే భావన మన దేశంలో ఇలా రూపుదిద్దుకుంది. ఐరోపాలోనూ ఇలాంటి అనుభవమే ఉంది. స్టాక్‌హోమ్‌లో తల్లిదండ్రులు రాత్రింబవళ్లు బిడ్డ దగ్గరే ఉండేలా గదులు కట్టి చూస్తే, నెలలు నిండని శిశువులు సగటున అయిదు రోజులు ముందుగా ఇంటికి చేరారని 2010లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

అభ్యంతరాలు లేకపోలేదు. బయటివారు లోపలికి వస్తే అంటువ్యాధులు వస్తాయన్నది మొదటి భయం. పరిశోధనలో జరిగింది ఇందుకు విరుద్ధం. తల్లి వద్ద ఉన్న శిశువుల్లోనే ఇన్ఫెక్షన్ అనుమానిత కేసులు తక్కువగా కనిపించాయి. చేతులు కడుక్కోవడం, శుభ్రమైన దుస్తులు వంటి జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. రెండో అభ్యంతరం స్థలం. ఇది నిజమైన ఇబ్బంది. జిల్లా ఆసుపత్రుల్లోని శిశు విభాగాలను సుమారు 12 పడకల లెక్కన, తల్లి మంచానికి చోటు లేకుండానే నిర్మించారు. మూడోది పరిపాలనకు సంబంధించినది. తల్లి ఒక విభాగం రోగి, బిడ్డ మరో విభాగం రోగి. ఒకే గదిలో ఉంటే ఆమె కుట్లు చూసేదెవరు, మందులిచ్చేదెవరు అన్న ప్రశ్నకు కాగితం మీద సమాధానం ఉండాలి.

డబ్బు ఈ మార్పునకు పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవం, మందులు, పరీక్షలు, రవాణాతో పాటు జబ్బుపడిన నవజాత శిశువులకు చికిత్సను ఉచితం చేసింది. తల్లికి ఉచిత భోజనం సాధారణ కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు. కిలోన్నర బిడ్డ మాత్రం వారాల తరబడి ఆసుపత్రిలో ఉంటుంది. ఆ మిగిలిన రోజుల్లో తల్లి ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది అన్నదే అసలు లోటు. ఛత్తీస్‌గఢ్‌లో గర్భిణులను, బాలింతలను చేరవేసే వాహనానికి మహతారీ ఎక్స్‌ప్రెస్ అని పేరు. అక్కడి భాషలో మహతారీ అంటే తల్లి. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి వాహనమే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. వాహనం పేరులో ఉన్న ఈ జంట ఆసుపత్రి గుమ్మం దగ్గర విడిపోకూడదు.

అందుకు కావలసినవి సాదా ఏర్పాట్లే. శిశు విభాగంలో తల్లికి ఒక మంచం, దగ్గరలో మరుగుదొడ్డి, బిడ్డ ఉన్నన్నాళ్లు భోజనం, ఆమెను చూసే ప్రసూతి నర్సు ఉండాలి. బిడ్డను వేరే ఆసుపత్రికి పంపవలసి వస్తే, ఆరోగ్యం అనుమతించినంత వరకు తల్లినీ అదే వాహనంలో పంపాలి. ఆమె రాలేనప్పుడు తండ్రో, అమ్మమ్మో, నానమ్మో బిడ్డను గుండెకు హత్తుకునేలా నేర్పాలి. ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్‌లు, తెలుగు రాష్ట్రాల్లో ఆశా కార్యకర్తలు ఈ సంగతిని కాన్పుకు ముందే కుటుంబాలకు వివరించగలరు.

కొత్త శిశు విభాగం ప్రారంభమైనప్పుడు ఎన్ని వార్మర్లు, ఎన్ని వెంటిలేటర్లు వచ్చాయని అడగడం మనకు అలవాటు. అవి కావలసిందే. వాటితో పాటు తల్లులకు ఎన్ని మంచాలు వేశారని కూడా అడగాలి. బోద్రీలోనైనా, శ్రీకాకుళంలోనైనా, చిన్న బరువుతో పుట్టిన బిడ్డ బతుకు ఆ రెండో ప్రశ్నపై కూడా ఆధారపడి ఉంది.