కెమెరాకు అప్పు చేసే ముందు ఒక్క మాట

ఇవాళ కెమెరా గురించి రాస్తున్న. మన ఊళ్లల్ల పిల్లలు పెళ్లిళ్ల ఫొటోలు తీస్తమని, వ్యవసాయం వీడియోలు పెడతమని ముందుకొస్తున్నరు. మంచిదే. కానీ "కొంటే ఫుల్ ఫ్రేమే కొనాలె" అని పట్టుబట్టి నాయనతోని మిత్తికి పైసలు తెప్పిస్తున్నరు. నా అభిప్రాయం సూటిగా చెప్తున్న: మొదటి కెమెరా క్రాప్ సెన్సర్‌ది చాలు. మిగిలిన పైసలు లెన్సుల మీద పెట్టుండ్రి.

క్రాప్ అంటే ఇక్కడ పంట కాదు, అంచులు కత్తిరించినట్టు అని. బొమ్మ పడే సెన్సర్ ఫుల్ ఫ్రేమ్‌ల 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉంటది. పాత రీలు కొలతే అది. సోనీ, నికాన్ క్రాప్ సెన్సర్ సుమారు 23.5 పొడవు, 15.6 వెడల్పు. కెనాన్‌ది ఇంకొంచెం చిన్నది. పెద్ద మడిల వాన నీళ్లు ఎక్కువ పడ్డట్టే పెద్ద సెన్సర్ మీద వెలుతురు ఎక్కువ పడ్తది. అందుకే రాత్రి మండపంల ఫుల్ ఫ్రేమ్ ఫొటో శుభ్రంగ వస్తది. దాన్ని కాదనలేం.

మరి పట్టపగలు పొలంల? పురుగు కొట్టిన ఆకు తీసినా, నాటు వేసే వీడియో తీసినా ఫోన్ల చూసేటోళ్లకు తేడా తెల్వదు. పైగా క్రాప్ మీద 300 లెన్సు పెడితే ఫుల్ ఫ్రేమ్ మీద 450 పెట్టినంత దగ్గరగ కనపడ్తది. చెరువు గట్టు మీది కొంగను తీయాలంటే అది లాభమే. నష్టం ఇరుకు ఇంట్ల. 50 లెన్సు 75 లెక్క అయితది, వెనక్కి జరగనీకె జాగ ఉండదు. అక్కడికి 35 గానీ అంతకన్న తక్కువది గానీ కావాలె.

ట్రాక్టర్ ఎంత పెద్దదైనా కల్టివేటర్, రోటవేటర్ లేకుంటే దుక్కి కాదు. కెమెరా ట్రాక్టర్ అయితే, లెన్సులు పనిముట్లు. ఉన్న పైసలన్నీ ఫుల్ ఫ్రేమ్ బాడీకే పెట్టి, దానితోని వచ్చిన ఒక్క లెన్సుతోనే అన్ని పనులు చేద్దామంటే కుదరదు. బాడీ ధర కొత్త మోడల్ రాంగనే పడిపోతది. మంచి లెన్సు ఏండ్ల తరబడి పనికొస్తది.

"రేపు ఫుల్ ఫ్రేమ్‌కు మారితే ఎట్ల?" అని అడుగుతరు. ఖరీదైన లెన్సు కొనేటప్పుడే, అదే మౌంట్‌ల ఫుల్ ఫ్రేమ్‌కు కూడ పనికొచ్చేది కొనుండ్రి. రెండింటికీ వస్తది. క్రాప్ లెన్సును ఫుల్ ఫ్రేమ్‌కు పెడితే మాత్రం నడిమి భాగమే వాడుకుంటది, 24 మెగాపిక్సెళ్లు పదికి దిగుతయి.

పెద్ద కెమెరా చూస్తేనే పెళ్లోళ్లు పని ఇస్తరనే మాటల కొంత నిజం ఉన్నది. అట్లాంటి పనికి కిరాయికి తెచ్చుకోవచ్చు. కోత మిషన్ కిరాయికి తెచ్చుకున్నోడిని ఎవ్వరూ చిన్న రైతు అనరు కదా. కిరాయి భారమయ్యేటన్ని పనులు వచ్చినప్పుడు, ఆ పైసలతోనే ఫుల్ ఫ్రేమ్ కొనుక్కోవచ్చు.

పిల్లలను కాదనకుండ్రి. "నీ పనిల ఎన్ని పూటలు రాత్రి, ఎన్ని పూటలు పగలు?" అని ఒక్కటి అడుగుండ్రి. సంతకం ఆ తర్వాత పెట్టొచ్చు.