వెళ్లినవాడూ మనవాడే

ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఎక్కువ డబ్బు ఇచ్చే క్లబ్బుకు మారడం కొత్తేమీ కాదు. ఆశ్చర్యమేమిటంటే మనిషి అతడే, కాళ్లు అవే అయినా కొందరు కొత్తచోట ఆడలేకపోతారు. 2011 జనవరి 31న స్పెయిన్ దేశస్థుడు ఫెర్నాండో టోరెస్‌ను చెల్సీ క్లబ్బు 5 కోట్ల పౌండ్లు చెల్లించి లివర్‌పూల్ క్లబ్బు నుండి తీసుకుంది. అప్పటివరకు ఇంగ్లండులో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. లివర్‌పూల్ తరఫున 142 మ్యాచ్‌లలో 81 గోల్స్ చేసిన టోరెస్, చెల్సీకి వెళ్లాక ఆ సీజన్‌లో ఆడిన 18 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గోల్ చేశాడు. అప్పటికే అతని మోకాళ్లు దెబ్బతిని ఉన్నాయి. పైగా పాత జట్టులో అతను ఎటు పరుగెత్తుతాడో ముందే గ్రహించి బంతి అందించే స్టీవెన్ జెరార్డ్ లాంటి తోడు ఉండేవాడు. కొత్త జట్టు ఆడే తీరే వేరు. ఇంత ధర పలికినవాడికి ఏమైందని లోకం నవ్వింది. ఇన్నాళ్లు అతన్ని నిలబెట్టినవారెవరో మాత్రం తక్కువమందే ఆలోచించారు.

మన దగ్గరా ఇలాంటి కథ ఉంది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో తయారైన కుర్రాళ్ల మీద కలకత్తా క్లబ్బుల కన్ను పడింది. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నారు. ఆ మరుసటి ఏడాది, 1963లో, 30 ఏళ్లైనా నిండకముందే, అనారోగ్యం ఆయన ఆటను ఆపేసింది. పుట్టిన ఊరికి దూరంగా, బెంగాల్‌లోని ఉత్తరపాడాలో ఒంటరిగా జీవించి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. కాళ్లు పరుగెత్తే రోజులకు ఎంత ఇస్తారో ఒప్పందంలో రాస్తారు. మంచాన పడిన రోజున పక్కన ఎవరుంటారో ఏ ఒప్పందంలోనూ రాయరు.

గోదావరిఖనిలో ఉంటున్న మనకు ఈ సంగతి ఆటకు సంబంధించినది మాత్రమే కాదు. ఒకప్పుడు లక్షమందికి పైగా కార్మికులున్న సింగరేణిలో ఇప్పుడు సుమారు 40 వేల మంది ఉన్నారు. తండ్రి గనిలో దిగితే కొడుకు బతుకు కూడా గడిచిపోతుందన్న ధీమా పోయింది. పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, దుబాయికో, మస్కట్‌కో బయలుదేరుతున్నారు. వెళ్లక తప్పని ఇళ్లు చాలా ఉన్నాయి. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే వారు వెళ్లేటప్పుడు సంఘంగా మనం ఏమి చేస్తున్నాం? తడబడి తిరిగొచ్చినప్పుడు ఏమి చేస్తున్నాం?

కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక యువకుడికి గల్ఫ్‌లో మంచి జీతానికి పని దొరికింది. ఆ ఆదివారం అతన్ని ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించాం. పెద్దలమంతా తలమీద చేతులుంచి ప్రార్థించాం. తల్లి కృతజ్ఞతార్పణ ఇచ్చింది. రెండేళ్లు తిరగకముందే అతను అప్పుతో తిరిగొచ్చాడు. ఏజెంటు చెప్పిన పని ఒకటి, అక్కడ చేయించిన పని మరొకటి. వచ్చి నెల దాటినా మందిరానికి రాలేదు. పని వెతుక్కుంటున్నాడేమో అనుకుని నేనూ ఊరుకున్నాను. చివరికి తల్లే ఒకరోజు ఆరాధన అయ్యాక నా దగ్గర ఆగి అన్నది: "అందరి ముంగట సాక్ష్యం చెప్పి పోయిండు అయ్యగారూ. ఇప్పుడు ఏం మొఖం పెట్టుకొని వస్తడు?"

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. అతన్ని ముందుకు పిలిచి జీతాన్ని దీవెన అన్నది మేమే. ఆ జీతం పోయాక అతను తనను తాను దీవెన పోగొట్టుకున్నవాడిగా ఎంచుకోవడంలో వింత ఏముంది?

ఆదికాండము 13వ అధ్యాయంలో లోతు కనులెత్తి యొర్దాను మైదానాన్ని చూశాడు. నీళ్లు సమృద్ధిగా ఉన్నాయి. మందలకు మేత ఉంది. ఆ ప్రాంతమంతా తనకు ఏర్పరచుకున్నాడు. అతను అబద్ధమాడలేదు, ఎవరి సొత్తూ దోచుకోలేదు. పెద్దవాడైన అబ్రాము నీకిష్టమైన దిక్కు కోరుకోమంటే కోరుకున్నాడు. లోపమల్లా ఒకటే. కంటికి కనబడింది తప్ప మరేమీ విచారించలేదు. అక్కడి మనుషులు ఎలాంటివారో అడగలేదు. ఇన్నేళ్లు తన డేరా పక్కనే ఉన్న అబ్రాము బలిపీఠం రేపు ఉండదని తలపోయలేదు.

గనిలో పనిచేసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. షిఫ్టులో పని మొదలుకాకముందు సర్దార్ పైకప్పును కర్రతో తట్టి చెవి పెట్టి వింటాడు. గట్టిగా ఉన్న కప్పు ఒక రకంగా మోగుతుంది. లోపల పొర విడిపోయిన కప్పు బోలుగా మోగుతుంది. చూడటానికి రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి. కంటితో చూసి బాగుందని కిందికి పోయి కూర్చున్నవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. లోతు మైదానాన్ని చూశాడు గాని తట్టి చూడలేదు. మొదట సొదొమ దగ్గర డేరా వేశాడు. 14వ అధ్యాయానికి ఆ ఊళ్లోనే కాపురమున్నాడు. 19వ అధ్యాయానికి ఊరి గవిని దగ్గర కూర్చున్నాడు. మెల్లమెల్లగా జరిగిన ప్రయాణం అది.

అయితే సొదొమలో అతని మనసు ఎలా ఉండేదో మన ప్రసంగాలలో అంతగా చెప్పుకోము. అక్కడి దుర్మార్గాన్ని రోజూ చూస్తూ వింటూ అతను లోలోపల నలిగిపోయాడని అపొస్తలుడైన పేతురు తన రెండవ పత్రిక 2వ అధ్యాయంలో రాశాడు. అంతేకాదు, అతన్ని నీతిమంతుడు అన్నాడు. తప్పు ఎంపిక చేసుకుని, తప్పు ఊళ్లో చిక్కుకుని, నలిగిపోతున్న మనిషి దేవుని లెక్కలో ఇంకా నీతిమంతుడే! పచ్చని మైదానాలకు వెళ్లి నలిగిపోతున్న మన పిల్లల గురించి మాట్లాడేముందు ఈ మాట గుర్తుచేసుకోవాలి.

ఇంకొక సంగతి. వెళ్లిన చోట తడబడ్డ ప్రతివాడూ ఆశపడి వెళ్లినవాడని అనుకోవడం కూడా పొరపాటే. బ్రెజిల్ ఆటగాడు కాకా సువార్త విశ్వాసి. 18 ఏళ్ల వయసులో ఈతకొలనులో జరిగిన ప్రమాదంలో మెడ ఎముక విరిగింది. తిరిగి నడవగలగడం దేవుని కృప అని సాక్ష్యమిచ్చాడు. 2007లో ఏసీ మిలాన్ క్లబ్బు యూరప్ చాంపియన్స్ లీగ్ గెలిచిన రోజున, తాను యేసుకు చెందినవాడినన్న మాటలు రాసిన బనియన్‌తో మైదానంలో మోకరించాడు. ఆ ఏడాదే ప్రపంచంలో ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. 2009 జనవరిలో మాంచెస్టర్ సిటీ కళ్లు చెదిరే మొత్తం ఇస్తానన్నా వెళ్లలేదు. మిలాన్‌కు డబ్బు ఇబ్బంది ఎక్కువై, అదే ఏడాది జూన్‌లో 6 కోట్ల యూరోలకు పైగా ధరకు రియల్ మాడ్రిడ్‌కు మారాడు. అక్కడ గాయాలు వెంటాడాయి. 2010 ఆగస్టులో మోకాలికి శస్త్రచికిత్స జరిగి నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. ఆ తరువాత చాలా మ్యాచ్‌లు బెంచీ మీదే గడిచాయి.

ఇతని మీద దేవుని కోపం వచ్చిందని అనగలమా? మోకాలు అరిగింది, జట్టు మారింది, వయసు పెరిగింది. అంతే. 2013 సెప్టెంబరులో పాత క్లబ్బు మిలాన్ అతనికి తలుపు తెరిచింది. వచ్చీరాగానే మళ్లీ గాయపడ్డాడు. అప్పుడు అతను కోలుకునేవరకు తనకు జీతం వద్దని, ఆదరణ చాలని చెప్పాడు. ఎంతో ధర పలికిన మనిషి చివరకు కోరుకున్నది ఆదరణ! కోలుకున్నాక అదే క్లబ్బు తరఫున తన నూరవ గోల్ కూడా చేశాడు. తలుపు తెరిచి ఉంచినవారికే ఆ సంతోషం దక్కింది.

సేవకులమైన మేము కూడా ఈ విషయంలో ఇతరులకు బుద్ధి చెప్పి తప్పుకోలేము. న్యాయాధిపతులు 17, 18 అధ్యాయాలలో ఒక లేవీయుడు కనబడతాడు. బేత్లెహేము విడిచి బతుకుతెరువు వెతుక్కుంటూ మీకా ఇంటికి చేరాడు. ఏడాదికి పది వెండి రూకలు, బట్టలు, భోజనం అన్న ఒప్పందానికి యాజకుడయ్యాడు. కొంతకాలానికి దాను గోత్రంవారు వచ్చి, ఒక ఇంటికి యాజకుడిగా ఉండటం కంటే ఒక గోత్రానికే యాజకుడిగా ఉండటం మేలు కాదా అన్నారు. అతని మనసు సంబరపడింది. విగ్రహాలను చేతపట్టుకుని వాళ్లతో వెళ్లిపోయాడు. రెండు చోట్లా దేవుణ్ణి అడిగి తీసుకున్న నిర్ణయం కనబడదు. చిన్న సంఘం నుండి పెద్ద సంఘానికి పిలుపు వచ్చిన ప్రతి పాస్టరూ ఈ లేవీయుణ్ణి ఒకసారి చూసుకోవాలి. మేము జీతం చూసి కదిలితే, మా పిల్లలకు పిలుపు గురించి ఏ నోటితో చెబుతాం?

మరి సంఘం ఏమి చేయాలి? పిల్లలు బయలుదేరే ముందు వారితోపాటు మనమూ పైకప్పు తట్టి చూడాలి. ఆ ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర నమోదైనవాడేనా? ఒప్పందంలో రాసిన పనీ నోటితో చెప్పిన పనీ ఒకటేనా? చదివి చెప్పగలవారు ప్రతి సంఘంలో ఒకరిద్దరైనా ఉంటారు. వెళ్లే ఊళ్లో ఆరాధన ఎక్కడ, జబ్బు చేస్తే పిలవడానికి ఎవరున్నారు? ఇవి అడగడం అవిశ్వాసం కాదు. తలమీద చేయి వేసి ప్రార్థించిన చేతికి ఇవి కూడా చేసే బాధ్యత ఉంది.

వెళ్లిన తరువాత నెలకొకసారైనా ఫోన్ చేయాలి. డబ్బు పంపావా అని కాదు, ఎలా ఉన్నావని అడగాలి. సాక్ష్యాల కూటంలో జీతం అంకె చెప్పించడం మానుకోవాలి. పెద్ద ఉద్యోగానికి కృతజ్ఞతార్పణ తీసుకున్న సంఘం, ఖాళీ చేతులతో బతికి తిరిగొచ్చినవాడి కోసం కూడా కృతజ్ఞతాస్తుతి చెల్లించాలి. వచ్చినవాణ్ణి ఎందుకు వచ్చావని అడగకుండా పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ఆ తల్లి మాట విన్న సాయంత్రం నేను ఆ కుర్రాడి క్వార్టరుకు వెళ్లాను. ఏమి మాట్లాడాలో నాకూ తెలియలేదు. ఆ ఆదివారం మేము చేసిన దానికి క్షమించమని అడిగాను. అతను కాసేపు తలవంచుకున్నాడు. తరువాత టీ పెట్టమని తల్లికి చెప్పాడు. మరో రెండు వారాలకు వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. అతనికి ముందు చేయి చాపింది రిటైరైన ఒక గని కార్మికుడు. ఏమీ అడగలేదు, పాటల పుస్తకం తెరిచి ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు.

లోతును శత్రు రాజులు చెరపట్టుకుపోయారని తప్పించుకొచ్చిన ఒకడు అబ్రాముకు చెప్పినప్పుడు, నీ ఎంపిక నువ్వే అనుభవించు అని అబ్రాము అనలేదు. తన ఇంట పుట్టి అలవరచబడిన 318 మందిని తీసుకుని, దాను వరకు తరిమి, రాత్రివేళ వారిమీద పడి, లోతును వెనక్కి తెచ్చాడు. సొదొమ రాజు సొమ్మంతా తీసుకొమ్మంటే నూలుపోగైనా చెప్పులవారైనా ముట్టనన్నాడు. అంత చేసినా లోతు మళ్లీ సొదొమకే వెళ్లాడు. అప్పుడైనా అబ్రాహాము విసుగుచెందలేదు. 18వ అధ్యాయంలో ఆ పట్టణం కోసం దేవుని ఎదుట నిలబడి, 50 మంది నుండి 10 మంది దాకా తగ్గిస్తూ బతిమాలాడు. పట్టణం నిలవలేదు. కాని దేవుడు అబ్రాహామును జ్ఞాపకం చేసుకుని లోతును తప్పించాడని 19వ అధ్యాయం 29వ వచనం చెబుతోంది.

దూరాన ఎక్కడో తడబడుతున్న ఒక బిడ్డ ఈరోజు తప్పించబడాలంటే, ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగిన అబ్రాహాము ఒకడుండాలి. మన సంఘం నుండి వెళ్లినవారి పేర్లు ఈ ఆదివారం ఒక కాగితం మీద రాసుకుందాం. బాగున్నవారివీ, బాగాలేనివారివీ కలిపి రాసుకుందాం. ఆ పేర్లతో ప్రభువు ముందు నిలబడే మనసు ఆయనే మనకు దయచేయునుగాక!