సాఫ్టువేరు నిర్మాణము: సర్టిఫికేట్ల పరీక్ష

పొలము కొనువాడు దస్తావేజు చూడక సొమ్ము చెల్లింపడు. హద్దులను, సాక్షుల సంతకములను, రిజిస్ట్రారు ముద్రను పరిశీలించిన పిమ్మటనే బయానా ఇచ్చును. ఈపాటి జాగరూకత సాఫ్టువేరు నిర్మాణమునను వలయునని చెప్పవలసి వచ్చుట విచారకరము.

నేటి ప్రోగ్రాము ఒక్కరిచే ఒక్కచోట వ్రాయబడునది కాదు. దాని భాగములు పెక్కు దూరపు భాండారములనుండి ఇంటర్నెట్టు ద్వారా వచ్చును. వానిని తెచ్చి కూర్చు యంత్రాంగమునకే బిల్డు వ్యవస్థయని పేరు. భాండారపు సర్వరు చూపు సర్టిఫికేటుపై నమ్మదగిన అధికారి సంతకమున్నదా, అందలి పేరు మనము కోరినదేనా, గడువు మిగిలియున్నదా యని అది విచారింపవలెను. విచారింపనిచో దారికాచిన దొంగ తన సరకునే అసలు సరకుగా అప్పగింపగలడు. ఆ విషము ఆ ప్రోగ్రామును వాడు ప్రతి యింటికిని చేరును.

ఇది వట్టి ఊహ కాదు. జావా భాగములకు ప్రధాన భాండారమగు మేవెన్ సెంట్రల్ 2014 వరకును సామాన్యులకు రక్షణలేని మార్గముననే సరకు నందించెను. నడుమ సరకు మార్చుట ఎంత సులభమో ఆ యేడే ఒకరు ప్రయోగపూర్వకముగా చూపిరి. ఆ పాత ద్వారము పూర్తిగా మూతపడినది 2020 జనవరి 15న. పైథాన్ రెండవ తరమునకు సర్టిఫికేట్లను తనంత తాను పరీక్షించు అలవాటు 2014 డిసెంబరు నాటి 2.7.9 కూర్పుతోనే వచ్చినది.

నేడు పరీక్ష కలదు. దానిని ఆపివేయువారును కలరు. బిల్డు నిలిచిపోగానే “పరీక్ష వలదు” అను అర్థమిచ్చు మాట నొకదానిని ఆదేశమున చేర్చి పని ముగింతురు. తాత్కాలికమనుకొన్న ఆ మాట ఏండ్ల తరబడి నిలిచిపోవును. వారి యిబ్బందియు నిజమే. 2021 సెప్టెంబరు 30న ఒక పాత మూల సర్టిఫికేటు గడువు తీరగా పాత యంత్రములనేకములు మొరాయించినవి. అట్టియెడ క్రొత్త మూల సర్టిఫికేటును చేర్చుకొనవలెను గాని, కావలివానిని వెడలగొట్టరాదు.

సర్టిఫికేటు పంపినవానిని గూర్చి చెప్పునే గాని సరకు మంచిచెడ్డలను చెప్పదని కొందరందురు. సత్యమే. 2020లో బయటపడిన సోలార్‌విండ్స్ ఉదంతమున విషము బిల్డులోపలనే చేరి, ఆ సంస్థ సంతకముతోనే బయలువెడలినది. ఇందుచేత పరీక్షలు పెంచవలెనని తేలుచున్నదే గాని, ఉన్నదానిని మానవలెనని కాదు.

హైదరాబాదు మొదలు అమెరికా వరకు ఈ వృత్తియందున్న తెలుగువారు వేలకొలది. పరీక్ష ఆపిన బిల్డును అంగీకరింపబోమని వారును, వారిపై యజమానులును నేడే నిశ్చయించుకొందురు గాక!