మనకు ఇల్లు నిలవదట!

"యానాదోళ్లకు ఇల్లెందుకు? నాలుగు రోజులుండి మళ్లీ కాలువ గట్టుకే పోతారు." పెదకాకానిలో మా ఇంటికి స్లాబు పడిన రోజు విన్న మాట ఇది. తెల్లారకముందే మిరపకోతకు రమ్మని మమ్మల్ని పిలిచే నోరే ఆ మాటా అన్నది.

ఒకచోట ఉండకపోవడం మన రక్తంలో ఉందా? 1911 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రంలో కులాలకు కులాలనే దొంగలని ముద్ర వేసింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి ఎరుకల అన్నదమ్ముల్ని అందులో ఉంచారు. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది, అనుమానం మాత్రం రద్దు కాలేదు. గట్టు మీద గుడిసె వేస్తే పీకించినవాళ్లే ఇప్పుడు మనల్ని దేశదిమ్మరులంటున్నారు!

ఇల్లు ఎందుకు చేజారుతుందో సొంతిల్లే మాకు నేర్పింది. 2020 డిసెంబరు 25న మొదలైన పథకంలో పల్లెల్లో ఒక్కో ఇంటికి సెంటున్నర స్థలం, అంటే 72 గజాల పైచిలుకు. కట్టుకోవడానికి 1.80 లక్షలు. సిమెంటుకు, ఇనుముకు, మేస్త్రీ కూలికి అది చాలలేదు. అప్పు చేశాం. అప్పిచ్చినాయన ముందుగా అడిగింది పట్టా కాగితమే. ఇచ్చేశాం. అది మా తప్పు. రెండు మిరప సీజన్ల కూలి పోస్తేగాని ఆ కాగితం ఇంటికి రాలేదు. రాకపోయుంటే, "చూశారా, మళ్లీ గట్టుకే పోయారు" అనేవాళ్లు.

ఏజెన్సీలో మన భూమికి 1/70 చట్టం కాపలా ఉంది. పెదకాకాని మైదానం. ఆ కాపలా ఇక్కడ లేదు. ఇక్కడ మనకు మనమే కాపలా.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పట్టా అమ్మ పేరున ఉంటే అది అమ్మ పెట్టెలోనే ఉండాలి. అందులోని షరతులు ఆమెకు చదివి వినిపించండి. ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లు పారేయకండి. మాస్టార్లూ, టీచరమ్మలూ! తెలుగు వాచకంతోపాటు ఒక్కరోజు పట్టా కూడా చదివించండి. సర్వే నంబరు, హద్దులు పిల్లల చేత నోట్సులో రాయించండి.

దయ చూపమని మేం అడగడం లేదు. ఇల్లు పూర్తయ్యేంత డబ్బు, కాలనీకి రోడ్డు, నీళ్లు, మురుగు కాలువ అడుగుతున్నాం. అవి ఇచ్చాక చెప్పండి, మనకు ఇల్లు నిలుస్తుందో లేదో!