మెదడుకు అక్షాంశ రేఖాంశాలు

వాడరేవు నుంచి ఒక సోదరి వ్రాశారు: "మా నాన్నగారికి మాట తడబడుతూ వుంటే గుంటూరు తీసుకువెళ్ళి తలకు ఎం.ఆర్.ఐ. తీయించాము. ఎడమవైపున చిన్న కంతి వున్నదనీ, మాట్లాడే కేంద్రం దాని పక్కనే వున్నదనీ డాక్టరుగారు ఫిల్ము మీద వేలుపెట్టి చూపించారు. ఆయన మా నాన్నగారి తల తెరిచి చూడలేదు గదా! మాట అక్కడే వున్నదని ఎట్లా తెలిసింది?"

మంచి ప్రశ్న అమ్మా. కంతి కనిపించింది మీ నాన్నగారి ఫిల్ములోనే. మాట వుండే చోటు మాత్రం ఇతరుల మెదళ్ళను చూసి తయారుచేసిన పటాన్నిబట్టి చెప్పారు. ఒకరి పటం మరొకరి తలకు ఎట్లా సరిపోతుందన్నదే అసలు సంగతి.

ఈ పటానికి పునాది 1861లో పారిస్‌లో పడింది. "టాన్" అన్న ఒక్క ముక్క తప్ప మరేమీ పలకలేని రోగి ఒకడు చనిపోతే, పాల్ బ్రోకా అనే వైద్యుడు అతని మెదడును పరీక్షించాడు. ఎడమవైపు ముందుభాగం చెడిపోయి వున్నది. ఆ చోటును నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1909లో జర్మనీకి చెందిన బ్రాడ్‌మన్, సూక్ష్మదర్శినిలో కణాల అమరికను చూసి, మెదడు పైపొరను భాగాలుగా విడదీసి నంబర్లు వేశాడు. ఆ నంబర్లు 52 వరకూ వెళ్ళాయి.

బ్రతికివున్న మనిషి మెదడు ఎక్కడ పనిచేస్తున్నదో ఇప్పుడు తల తెరవకుండానే చూడవచ్చు. రోగిని యంత్రంలో పడుకోబెట్టి బొమ్మలు చూపుతారు. వాటి పేర్లు మనసులో అనుకోమంటారు. పనిచేసే చోటికి ప్రాణవాయువు నిండిన నెత్తురు ఎక్కువగా పారుతుంది. ఆ తేడాను ఎం.ఆర్.ఐ. పట్టుకుంటుంది. దీనికి దారి చూపినవారు జపాను శాస్త్రజ్ఞుడు సీజీ ఒగావా, 1990లో.

అయితే మెదడు పైపొర బల్లపరుపుగా వుండదు. దాని మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. విప్పి పరిస్తే రెండు, రెండున్నర చదరపు అడుగులు వుంటుంది. అంత గుడ్డను పుర్రెలో కూరాలి గనుక ముడతలు పడ్డది. మూడింట రెండువంతులు ఆ ముడతల లోపలే దాగి వుంటుంది.

చీరాల చీరె కట్టినప్పుడు కుచ్చిళ్ళు చూడండి. రెండు మడతలు ఒకదానికొకటి ఆనుకొని వుంటాయి. వాటి మీద ఒక సిరాచుక్క పడితే రెండింటికీ అంటుకుంటుంది. చీరె విప్పితే ఆ రెండు మరకలూ జానెడు దూరాన కనిపిస్తాయి. మెదడులోనూ అంతే. ఫిల్ములో పక్కపక్కన కనిపించే రెండు చోట్లు, పొర వెంట నడిచి వెళ్తే ఎంతో దూరం కావచ్చు. ఒకటి మాటకూ, మరొకటి వేరే పనికీ చెందినవి కావచ్చు.

కనుక చీరె విప్పాలి. అమెరికాలో ఫిషల్, సెరెనో, డేల్ అనే శాస్త్రజ్ఞులు 1999లో కంప్యూటరుతో ఆ పనిచేసే పద్ధతి ప్రకటించారు. ఫిల్ములనుంచి పైపొరను విడదీస్తారు. కుడి ఎడమలు వేరుచేసి, ఒక్కొక్కదాన్ని బుడగలా ఊదుతారు. ముడతలు సాపు అవుతాయి గాని, ఏది గట్టో ఏది గాడో గుర్తు చెరిగిపోదు. ఆ బుడగను గుండ్రని గ్లోబుగా మార్చి అక్షాంశ రేఖాంశాలు గీస్తారు. తరువాత, అనేకుల మెదళ్ళు కలిపి చేసిన సగటు గ్లోబుతో సరిచూస్తూ, పెద్ద గాడి పెద్ద గాడి మీదకు వచ్చేవరకూ జరుపుతారు. వాడరేవు సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.4 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర వున్నదంటే ఏ దేశంవాడైనా గ్లోబు మీద చూపగలడు గదా! అట్లాగే ఒకరి మెదడులోని చోటును మరొకరి మెదడులో వెతకడం సాధ్యమైంది. 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు 210 మంది మెదళ్ళనుంచి ఒక్కొక్క వైపున 180 భాగాలు గుర్తించి కొత్త పటం వేశారు.

మరి ఆ సగటు ఎవరి సగటు? ఫ్రాన్సులో తలైరాక్, టుర్నూ 1988లో ప్రకటించిన ప్రసిద్ధ పటానికి ఆధారం అరవై యేళ్ళ స్త్రీ మెదడు ఒక్కటే! తరువాత కెనడాలోని మాంట్రియల్‌లో 305 మంది ఫిల్ములు కలిపి సగటు తీశారు. వారూ మనవారు కారు. ఈ లోటు తీర్చడానికి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో ఆచార్య జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ వైద్యులతో కలిసి, 100 మంది భారతీయుల ఫిల్ములతో ఒక పటం తయారుచేసి 2019లో ప్రకటించింది. సగటున మన మెదడు ఎత్తులోనూ, వెడల్పులోనూ, పరిమాణంలోనూ పాశ్చాత్యులదానికంటే కొంచెం చిన్నదని తేలింది. దీన్ని తెలివికి ముడిపెట్టకూడదు. ఒకరి కొలతకు కుట్టిన చొక్కా మరొకరికి వదులైతే తప్పు వొంటిది కాదు.

ఎంత మంచి పటమైనా సగటు పటమే. పటంలో రేవు పేరు వున్నంత మాత్రాన ఈ యేడు ఇసుక ఎక్కడ మేటవేసిందో తెలియదు. పడవ నడిపేవాడు లోతు చూసుకోవాలి. పైగా కంతి పెరిగినచోట ముడతలు పక్కకు నెట్టుకుపోతాయి. అందుకే మాట దగ్గరి కంతిని తీయవలసి వచ్చినప్పుడు, తగిన రోగులను శస్త్రచికిత్స మధ్యలో మెలకువగా వుంచుతారు. మెదడుకు నొప్పి తెలియదు. చర్మానికి మందిస్తే చాలు. సన్నని విద్యుత్తు తాకిస్తూ రోగిచేత మాట్లాడిస్తారు. ఎక్కడ తాకితే మాట ఆగుతుందో ఆ చోటు జోలికి పోరు. మెలకువగా వుంచి చేసే చికిత్స మనకు కొత్త కాదు. 2017లో గుంటూరులోనే ఒక రోగి "బాహుబలి" చిత్రం చూస్తూ వుండగా మెదడు శస్త్రచికిత్స జరిగిన వార్త పత్రికలలో వచ్చింది.

కనుక సోదరీ, డాక్టరుగారు వేలుపెట్టి చూపిన చోటు ఊహ కాదు, నూటయాభై యేళ్ళకు పైబడిన కృషి ఫలం. అయినా అది వెతకవలసిన పేట మాత్రమే. ఇల్లు మీ నాన్నగారి మెదడే చూపించాలి. మాటను పరీక్షించేటప్పుడు ఏ భాషలో పరీక్షిస్తారని అడగండి. ఆయన యిన్నేళ్ళూ తెలుగులో మాట్లాడిన మనిషి. బొమ్మ చూపితే "పడవ" అనాలి, "చేప" అనాలి. ఆ మాటలు పలికే చోటును కాపాడుకోవడానికే గదా ఈ పటాలన్నీ!